జెట్ పెట్టడమంటే ఇంజన్ పని కాదు, అడుగు పని

సంపాదకులకు నమస్కారం.

ధవళేశ్వరం నుంచి రాస్తున్నాను. గోదావరి రేవుల్లో మూలపడి ఉన్న పాత స్పీడు బోట్ల గురించి ఈ మధ్య మీ జిల్లా పేజీలో ఒక వార్త వచ్చింది. వాటి వెనకున్న ప్రొపెల్లర్ డ్రైవులు పీకేసి జెట్ యూనిట్లు (నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మే పంపులు) బిగిస్తే తక్కువ ఖర్చులో కొత్త బోట్లయిపోతాయనీ, ప్రొపెల్లరే లేదు కాబట్టి ఇక ప్రమాదమన్న మాటే ఉండదనీ అందులో ఎవరో సెలవిచ్చారు. మొదటి మాటలో కొంత నిజముంది. రెండో మాట నమ్మి జనాన్ని ఎక్కిస్తే మాత్రం కొంప మునుగుతుంది.

నేను నౌకాదళంలో ఇంజన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా, అంటే ఓడ ఇంజన్లు చూసుకునే మెకానిక్‌గా, చేసి రిటైరయ్యాను. లోనావాలాలోని నౌకాదళ ఇంజనీరింగ్ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ శివాజీలో పని నేర్చుకున్నాను. కోల్‌కతా గార్డెన్ రీచ్ యార్డులో కట్టిన వాటర్ జెట్ ఫాస్ట్ అటాక్ క్రాఫ్ట్‌లు ఉన్నాయి కదా, 2009లో ఐఎన్ఎస్ కార్ నికోబార్‌తో మొదలైన వరస, విశాఖలో ఉండగా వాటి జెట్ల మీద పనిచేశాను. ఇంటికొచ్చాక, యానాం దగ్గర ఫైబర్ బోట్ల షెడ్డు నడుపుతున్న మా మేనల్లుడితో కలిసి, పంతొమ్మిది అడుగుల పాత స్పీడు బోటు ఒకదానికి సరిగ్గా ఈ మార్పే చేశాం. అందుకే ఈ ఉత్తరం.

పాత బోట్లలో ఉన్నది స్టెర్న్‌డ్రైవ్. ఇంజన్ బోటు లోపల, వెనక పలకకి ఆనుకుని ఉంటుంది. డ్రైవు బయట, నీళ్లలో వేలాడుతుంది. ఇంజన్ తిప్పుడు పలకలోని కంత గుండా బయటికొచ్చి, పైన ఒక గేరు దగ్గర కిందికి మళ్లి, అడుగున ఇంకో గేరు దగ్గర వెనక్కి మళ్లి ప్రొపెల్లర్‌కి చేరుతుంది. 1959లో వోల్వో పెంటా కంపెనీ న్యూయార్క్ బోట్ షోలో దీన్ని అమ్మకానికి చూపించింది. తర్వాత రెండేళ్లకి అమెరికాలో ఇలాంటిదే మెర్‌క్రూజర్ వచ్చింది. మంచి ఏర్పాటే. డ్రైవు మొత్తం అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి వేరే చుక్కాని అక్కర్లేదు, పైకెత్తి దించుకుంటే బోటు ముక్కు ఎంత లేవాలో సరిచేసుకోవచ్చు. లోతున్న సరస్సులో దానికి వంక పెట్టలేం.

మన గోదావరిలో దాని ప్రాణం ముందుగా పోయేది రబ్బరు బెలోస్‌లో. కంత దగ్గర, నీటిమట్టానికి దిగువన, షాఫ్టు కీళ్లని కప్పే మడతల రబ్బరు గొట్టం అది. ఎండకి బీటలిస్తుంది, రేవులో కట్టేసి ఉంచితే ఎలకలు కొరుకుతాయి. అది చిరిగితే నీళ్లు ముందు బేరింగులోకి, తర్వాత నేరుగా బోటులోకి. రాత్రికి రాత్రి రేవులోనే మునిగిపోయిన స్పీడు బోట్లలో చాలావాటి కథ ఇదే. ఇక ఏప్రిల్, మే నెలల్లో లంకల పక్కన ఇసుక మేటలు తేలాక కింది గేరుపెట్టెకి తగిలే దెబ్బలు చెప్పనక్కర్లేదు. కాబట్టి జెట్ ఆలోచన తప్పని నేననడం లేదు.

మా వాడూ మొదట అదే అన్నాడు. "మావయ్యా, తోక పీకేసి ఆ కంతలోనే జెట్ బిగించేద్దాం, వారంలో నీళ్లలోకి దింపెయ్యొచ్చు" అని. "ఒరేయ్, ముందు డ్రైవు దింపు, సుత్తి పట్టుకుని పలక మీద కొట్టు, ఏం చప్పుడొస్తుందో విను" అన్నాను. గట్టి పలక ఖణేల్మంటుంది. ఇది బొద్దుగా, చచ్చిన చప్పుడు చేసింది. పైన ఫైబర్ తళతళలాడుతోంది, లోపల ప్లైవుడ్ నానిపోయి వేలితో గిల్లితే ఊడొస్తోంది. ఇరవై ఏళ్లు దాటిన ఏ స్టెర్న్‌డ్రైవ్ బోటునైనా ఇలా అనుమానించాల్సిందే. పలక మొత్తం కొత్తగా కట్టాం. కంత చుట్టూ ఫైబర్‌ని చాలా దూరం నుంచి పలచగా చెక్కుకుంటూ వచ్చి, ఫైబర్ మ్యాటు పొర మీద పొర వేసి పూడ్చాం. కంత అంచుకి అతుకేసి పుట్టీ పూసే మేస్త్రులున్నారు, బోటు వేగంగా పోయేటప్పుడు ఆ అతుకు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.

అసలు పని ఆ తర్వాత. జెట్ అంటే పంపు. బోటు అడుగున ఉన్న నోటితో నీళ్లు పీల్చి, ఇంపెల్లర్‌తో, అంటే లోపల తిరిగే రెక్కల చక్రంతో, ఒత్తిడి పెంచి, వెనక సన్నటి నాజిల్ గుండా చిమ్ముతుంది. తోటకి నీళ్లు పెట్టే పైపు మూతిని వేలితో నొక్కితే చెయ్యి వెనక్కి తన్నినట్టుంటుంది చూడండి, బోటుని నెట్టేది ఆ తన్నే. ఈ పంపు బయట వేలాడదు, బోటు వెనక భాగంలో లోపలే కూర్చుంటుంది. అంటే ఇన్నాళ్లూ ఇంజన్ ఉన్న చోటు దానిది. ఇంజన్ దాదాపు జెట్ పొడవంత ముందుకి జరగాలి. జరగాలంటే అది కూర్చునే పొడుగు దూలాలు కొత్తగా కట్టాలి. ఇంజన్ బరువు ముందుకి పోయింది, బయట వేలాడే డ్రైవు బరువు పోయింది, దానికి బదులు జెట్ గొట్టంలో ఎప్పుడూ నిండి ఉండే నీటి బరువొకటి కొత్తగా వచ్చి చేరింది. ఈ లెక్క వెయ్యకుండా బిగిస్తే బోటు ముక్కు దింపుకుని కూర్చుంటుంది. స్టెర్న్‌డ్రైవ్‌లో అయితే డ్రైవు కాస్త ఎత్తి సరిచేసుకునేవాళ్లం. ఈ సైజు జెట్‌లో ఆ వెసులుబాటు లేదు. మేము పెట్రోలు ట్యాంకు, బ్యాటరీలు చోట్లు మార్చి తూకం కుదిర్చాం.

బోటు అడుగుని చూసే కన్ను ఇంకా ముఖ్యం. జెట్ నోటికి కావలసింది గాలి బుడగల్లేని నిండు నీళ్లు. పాత స్పీడు బోట్ల అడుగున పొడుగ్గా గట్లు ఉంటాయి, నీటిని పక్కకి విరిచి బోటుని పైకి లేపడానికి. నడిమికి దగ్గరగా ఉన్న గట్లు ముందు నుంచి గాలిని మోసుకొచ్చి సరాసరి జెట్ నోట్లో పోస్తాయి. వెనక భాగంలో వాటిని చెక్కేసి నున్నగా చెయ్యాలి. నోటికి ముందు స్పీడోమీటరు గొట్టం గానీ, లోతు చూసే సెన్సరు గానీ, నీటి వాల్వు గానీ పొడుచుకుని ఉండకూడదు. గాలి లోపలికి పోయిందంటే ఇంజన్ తిరుగుళ్లు ఒక్కసారి పైకి లేస్తాయి, బోటు మాత్రం నిలబడిపోతుంది. షెడ్డులో స్టాండు మీద ఉన్నప్పుడు ఇవేవీ కనబడవు.

చిన్నవే అనిపించే పనులు ఇంకో రెండున్నాయి, వీటిని ముందుగా చెప్పినవాళ్లెవరూ నాకు తగల్లేదు. మేము పట్టుకున్న బోటులో ఉన్నది 4.3 లీటర్ల వి-6 పెట్రోలు ఇంజన్, దానికి మెర్‌క్రూజర్‌వాళ్ల ఆల్ఫా రకం డ్రైవు. ఆ డ్రైవులో ఇంజన్‌ని చల్లార్చే నీటి పంపు డ్రైవులోనే ఉంటుంది. డ్రైవు తీసేస్తే ఇంజన్‌కి చుక్క నీరుండదు. ఇంజన్ మీద వేరే పంపు పెట్టుకోవాలి, లేదా జెట్ నుంచి నీళ్లు మళ్లించుకోవాలి, అలా మళ్లించుకుంటే నెమ్మది మీద ఒత్తిడి సరిపోతుందో లేదో చూసుకోవాలి. రెండోది పొగ. ఇంతకాలం అది డ్రైవు గుండా, ప్రొపెల్లర్ మధ్యలోంచి నీళ్లలోకి పోయేది. ఇప్పుడు పలకకి నీటిమట్టం పైన కొత్త దారి కట్టాలి, వెనక్కొచ్చిన నీళ్లు ఇంజన్‌లోకి ఎక్కకుండా గొట్టానికి ఎత్తు ఇవ్వాలి. పెట్రోలు ఇంజన్ గది కాబట్టి స్టార్టు చేసే ముందు ఆవిరి తోడే బ్లోయరు ఎలాగూ తప్పదు.

యూనిట్ విషయానికొస్తే, మేం పెట్టింది న్యూజీలాండ్ హామిల్టన్ కంపెనీ చిన్న సైజు జెట్, వాడినదే. ఇంజన్‌కి తగ్గ కోణం ఉన్న ఇంపెల్లర్ ఎంచుకోవడం ఒక్కటే అందులో కిటుకు. ఇంజన్‌కి నేరుగా చిన్న షాఫ్టుతో కలుస్తుంది, మధ్యలో గేరుపెట్టె లేదు. మొత్తం ఖర్చులో యూనిట్‌కి ఎంతయిందో, అడుగు, పలక, దూలాల పనికి కూలీతో కలిపి దాదాపు అంతే అయింది. రేపు ప్రభుత్వం ఈ మార్పుకి టెండరు పిలిస్తే, ఆ కాగితాల్లో రెండో పద్దు కనబడకపోతే ఆ బోటు ఎక్కకండి.

ఈ సరంజామా పుట్టిందే మన వేసవి గోదావరి లాంటి నదుల కోసం. న్యూజీలాండ్ దక్షిణ దీవిలో ఐరిష్‌మన్ క్రీక్ అనే చోట గొర్రెల పెంపకం చేసుకునే బిల్ హామిల్టన్, పాయలు పాయలుగా గులకరాళ్ల మీద పారే తమ ఏళ్లలో తిరగడానికి 1950ల్లో దీన్ని పట్టాలెక్కించాడు. మొదట ధారని నీళ్లలోపలే వదిలితే బోటు సరిగ్గా కదల్లేదు. నాజిల్‌ని నీటిమట్టం పైకి తెచ్చాక వేగం అందుకుంది. 1960లో ఆ బోట్లు అమెరికాలో గ్రాండ్ క్యానియన్ గుండా కొలరాడో నదికి ఎదురెక్కాయి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ మన గంగకి ఎదురు, బంగాళాఖాతం నుంచి మూడు జెట్ బోట్లలో వెళ్లాడు. వాటి పేర్లు గంగ, కివి, ఎయిర్ ఇండియా. హామిల్టన్ కొడుకు జాన్ నడిపినవాళ్లలో ఒకడు. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డొచ్చేదాకా పోయారు. కాబట్టి జెట్ మన నదులకి కొత్తేం కాదు.

ఇప్పుడు ఆ "ప్రమాదమే ఉండదు" అన్న మాట దగ్గరికొస్తాను. నీళ్లలో ఉన్న మనిషి కాలు ప్రొపెల్లర్‌కి తెగే ప్రమాదం పోతుంది, అది చాలా పెద్ద మేలు, ఒప్పుకుంటాను. కానీ జెట్ నోరు ఇంజన్ నడుస్తున్నంతసేపూ పీలుస్తూనే ఉంటుంది, బోటు నిలబడి ఉన్నా సరే. తాడు, చీర కొంగు, పొడవాటి జుట్టు దానికి దగ్గరగా పోకూడదు. వెనక ధార దగ్గర నుంచి తగిలినా గాయమే. మనుషుల్ని నీళ్లలోంచి ఎక్కించుకునేటప్పుడు ఇంజన్ ఆపాలి. "ఫ్యాను లేదు కదా" అని ఆపకుండా ఎక్కించే సరంగుని (బోటు నడిపేవాణ్ణి) నేను బోటు మీదికి రానివ్వను.

సరంగుల సంగతి అసలు వేరే ఉత్తరమంత ఉంది. స్టెర్న్‌డ్రైవ్ నడిపిన చేతికి ఎదురుగా ఏదైనా కనబడగానే థ్రాటిల్ మూసి స్టీరింగ్ తిప్పడం అలవాటు. ప్రొపెల్లర్ బోటులో డ్రైవు కింద చుక్కానిలా నీటిని కోస్తుంది కాబట్టి థ్రాటిల్ మూసినా కొంత మాట వింటుంది. జెట్‌లో ధారే చుక్కాని. థ్రాటిల్ మూసిన క్షణాన ధార పోతుంది, దాంతో స్టీరింగూ పోతుంది. బోటు ఎటు పోతోందో అటే తిన్నగా పోతుంది. దేన్ని తప్పించాలనుకున్నాడో దాని మీదికే. తప్పించాలంటే థ్రాటిల్ ఉంచి తిప్పాలి. రేవు దగ్గర నెమ్మదించాలంటే తిరుగుళ్లు తగ్గించకుండా వెనకున్న బకెట్‌ని, అంటే ధారకి అడ్డం పడి దాన్ని ముందుకి మళ్లించే మూతని, సగం దించి ధారని ముందుకీ వెనక్కీ పంచుకోవాలి. ఇంపెల్లర్ తిరుగుళ్లు సగానికి తగ్గిస్తే అది తీసుకునే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది, ఎర్రనీటి ప్రవాహంలో ఆ బలంతో రేవు పట్టలేం. వెనక్కి పోయేటప్పుడు ఇంకో తిరకాసు. స్టీరింగ్ ఎడమకి తిప్పితే, ముందుకెళ్లినా వెనక్కెళ్లినా బోటు ముక్కు ఎడమకే తిరుగుతుంది. పాత అలవాటున్నవాడికి ఇది తలకిందులు.

మా బోటుని నడిపిన సరంగు ముప్పై ఏళ్లుగా నదిలో ఉన్నవాడు. ఒకరోజు జనం కాస్త ఎక్కువెక్కారు. అతను వెనక్కి తిరిగి, "ఇంజినేమో పాడతంది, బోటేమో లేవట్లేదు, ఇదేంటి సార్?" అన్నాడు. చాలా పదునైన ప్రశ్న. ప్రొపెల్లర్ బోటులో బరువెక్కువైతే ఇంజన్ మూలుగుతుంది, తిరుగుళ్లు అందుకోదు, సరంగు చెవికి తెలిసిపోతుంది. జెట్ పంపుకి బోటు మీద నలుగురున్నారా పద్నాలుగు మందున్నారా అన్నది దాదాపు పట్టదు, ఇంజన్ ఒకే తీరుగా తిరుగుతుంది. కష్టం బయటికి వినబడదు. 2017 నవంబరులో కృష్ణా పవిత్ర సంగమం దగ్గరా, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గరా పోయిన ప్రాణాలు మన జిల్లాలవాళ్లకి గుర్తు చెయ్యక్కర్లేదు. అవి వేరే రకం బోట్లు, వాటి కారణాలు వేరు. కానీ తల లెక్క గాలికొదిలే అలవాటు ఇంకా పోని రేవుల్లో, బరువెక్కువైందని అరవని ఇంజన్ పెడుతున్నామన్న స్పృహ ఉండాలి.

ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాపికొండలు తిరిగే పెద్ద లాంచీలకి జెట్ దండగ. వాటి నడక నెమ్మది, ఇరవై నాట్ల (గంటకి దాదాపు ముప్పై ఏడు కిలోమీటర్ల) లోపు ప్రొపెల్లర్‌దే పైచేయి, జెట్ డీజిలు తాగేస్తుంది. విజయవాడ రేవు నుంచి భవానీ ద్వీపానికి తిరిగే చిన్న షటిల్‌కీ అదే లెక్క. పైగా ప్రకాశం బ్యారేజీ ఎగువకి గుర్రపుడెక్క కొట్టుకొచ్చే రోజుల్లో జెట్ నోటి ముందున్న జల్లెడ ఇట్టే మూసుకుపోతుంది. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, లోపలి మూత తీసి చేత్తో లాగాలి. డెల్టా కాలవల్లో, కొల్లేట్లో అయితే ఆలోచనే చెయ్యొద్దు. నైలాన్ వల చుట్టుకుంటే అది ఇంకా మొండిది.

పనికొచ్చే చోటు వరద సహాయం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి లేచినప్పుడు దిగువ లంకల్లో బోట్లు పోవలసింది నదిలో కాదు, చేల మీదా, కంచెల మీదా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వీధులు మునిగినప్పుడు అడుగున మునిగిన స్కూటర్లు, ప్రహరీలు, తెగిన తీగలు, చుట్టూ నడుం లోతు నీళ్లలో మనుషులు. అలాంటి చోట కింద ఏమీ వేలాడని బోటు విలువ వేరు. వేసవిలో ఇసుక మేటల మీదుగా లంకల నుంచి రోగిని తేవడానికీ అంతే. అక్కడ కూడా చెత్త నోట్లో పడుతుంది, కాబట్టి జల్లెడ శుభ్రం చేసే మనిషి బోటు మీద ఉండాలి. మోకాలి లోతులో బోటుని నిలబెట్టి ఇంజన్ నడపకూడదు. పరుగు మీదైతే మేట దాటేస్తుంది, నిలబడితే ఇసుకని పీల్చి ఇంపెల్లర్‌కీ దాని చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సందు పెంచుకుంటుంది. ఆ సందు పెరిగిన కొద్దీ బోటుని నెట్టే బలం తగ్గిపోతుంది. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలచటి రేకులు) పెట్టి సీజనుకోసారి కొలవాల్సిందే. యానాం వైపు ఉప్పునీళ్లలో తిరిగేవాటికి అల్యూమినియం కొరుక్కుపోకుండా కట్టే యానోడ్ దిమ్మలు వేరు, రాజమండ్రి మంచినీళ్లకి వేరు. రెండు చోట్లకీ ఒకటే బిగించే వర్క్‌షాపులున్నాయి.

చివరిగా కాగితాల సంగతి. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో ఇన్లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. పలక మార్చి, ఇంజన్ జరిపి, అడుగు కోసిన బోటు ఆ చట్టం కళ్లకి పాత బోటు కాదు. మళ్లీ సర్వే కావాలి, మార్పు రిజిస్ట్రేషన్‌లో ఎక్కాలి. మాకు సర్వే అంటే ఒకాయన వచ్చి లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి వెళ్లడమైంది. అడుగు చూడండి సార్, బోటు పక్కకి వంచి చూపిస్తాం అంటే, అక్కర్లేదన్నారు. మనుషుల బరువుకి సరిపడా ఇసుక బస్తాలు ఒక పక్కకి పేర్చి ఎంత వాలుతుందో మేమే చూసుకున్నాం. న్యూజీలాండ్‌లో నదుల మీద జనాన్ని ఎక్కించుకునే జెట్ బోట్ల కోసం సముద్రయాన నిబంధనల్లో విడిగా 82వ భాగమే ఉంది, డ్రైవరు శిక్షణతో సహా. మన దగ్గర స్పీడు బోటు సరంగుకీ జెట్ సరంగుకీ ఒకటే కాగితం.

అందుచేత నా విన్నపం ఇంతే. పది బోట్లకి ఒకేసారి టెండరు పిలవొద్దు. ఒక్కదానికి మార్పు చేసి, మే నెల నీళ్లలో ఒకసారి, ఆగస్టు ఎర్రనీటిలో ఒకసారి, నిండు బరువుతో నడిపి చూడండి. నడిపేది యూనిట్ అమ్మినవాడు కాకుండా రేపు నడపబోయే సరంగు అయ్యుండాలి. మేము మార్చిన బోటు యానాం షెడ్డులోనే ఉంది. పర్యాటక శాఖ నుంచి గానీ, విపత్తుల శాఖ నుంచి గానీ ఎవరైనా వస్తే అడుగు, పలక, జెట్ నోరు విప్పి చూపించడానికి మా మేనల్లుడు సిద్ధం. వచ్చేవాళ్లు వేసవిలో, నీళ్లు తగ్గాక రండి.

ఇట్లు,
విశ్రాంత నౌకాదళ ఇంజన్ రూమ్ ఆర్టిఫిసర్,
ధవళేశ్వరం